ఫోన్ వద్దు, ఉత్తరం రాయండి

రాజమండ్రి,
జూన్ 17

ఉదయ్‌కుమార్ గారికి,

నమస్కారం. మణి కులాసా. ఏడో తరగతి పుస్తకాలకి అట్టలు వేసుకుంటూ ఇల్లంతా కాగితాలు చేసింది.

మొన్న శుక్రవారం మీరు పంపిన మెసేజీల గురించి ఈ ఉత్తరం. మణి తలకి నూనె రాశావా, ఏ నూనె, సీసా ఫోటో పెట్టు, ఫోటోలో సీసా సగమే ఉందేంటి, మిగతా సగం ఏమైంది. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో రిజర్వేషన్ కౌంటర్ వెనక కూర్చుని, శ్రీశైలం బస్సుకి టికెట్ కొడుతూ, నేను నూనె సీసాకి సంజాయిషీ రాసుకుంటున్నాను. లైన్లో ముందున్న పెద్దాయన, "ముందు మా టికెట్టు సంగతి చూడండమ్మా, ఆ సీసా ఎక్కడికీ పోదు" అన్నారు. నేను పైకే చదువుతున్నానని అప్పటికి గానీ తెలియలేదు.

మనం విడిపోయి రెండేళ్ళయింది. కోర్టు కాగితాల్లోనే విడిపోయాం, ఫోన్‌లో ఇంకా కాపురం చేస్తూనే ఉన్నాం. అది కూడా ఆపుదామని నా నిర్ణయం. ఇకమీదట జ్వరం, దెబ్బ, ఆసుపత్రి, ఈ మూడింటికే నాకు ఫోన్ చేయండి. ఏ వేళప్పుడైనా ఎత్తుతాను. మిగతా ఏ సంగతైనా ఉత్తరం రాయండి, నేనూ రాస్తాను. అందులో మణి విషయమే ఉండాలి. రోజూ సాయంత్రం మీరూ మణీ తన ఫోన్‌లో మాట్లాడుకుంటారే, అది మీ ఇద్దరిదీ, దాని జోలికి నేను రాను. రెండో శనివారం, నాలుగో శనివారం కూడా ఎప్పటిలాగే. నేను ఇక్కణ్ణుంచి, మీరు భీమవరం నుంచి నిడదవోలు స్టేషన్‌కి వస్తాం, అక్కడ పాపని అప్పగించుకుంటాం.

ఈ ఏర్పాటు జంగారెడ్డిగూడెంలో మీ అక్కయ్య గారికి చెప్పాను. మన తగువు తీర్చిన పెద్దల్లో ఆవిడా ఒకరు కదా. "మా వాడికి ఇదే మందమ్మా, రాయించు" అన్నారు.

ఇంకొక్క మాట. ఉత్తరాల్లో నన్ను మీరు అనండి. రొయ్యల మేత కంపెనీ నుంచి వచ్చే అమ్మాయిని కూడా మీరు 'గారు' అని పిలుస్తారు, కుర్చీ వేస్తారు. భార్యగా ఉన్నన్నాళ్ళూ నాకా మర్యాద దక్కలేదు. ఇప్పుడు నేనూ బయటిదాన్నే కాబట్టి దక్కాలి.

ఇట్లు,
హారతి


భీమవరం,
జూన్ 21

హారతీ,

నీకు మతి ఉండే రాశావా? చెరువుల మీద కెమెరాలు పెట్టుకుని, ఇంట్లో కూర్చుని నీళ్ళకి గాలి కొట్టే ఏ ఏరియేటర్ తిరుగుతోందో ఏది ఆగిందో చూసుకునేవాణ్ణి. నా కూతురు మధ్యాహ్నం అన్నం తిందో లేదో తెలియాలంటే పోస్ట్‌మాన్ కోసం గేటు దగ్గర కాసుకోవాలా?

రొయ్యలకి మేత వేశాక కాసేపాగి చెక్ ట్రే పైకెత్తి చూస్తాం. పళ్ళెంలో మేత మిగిలిందంటే ఏదో తేడా వచ్చిందని తెలిసిపోతుంది. నేను రోజూ మణి క్యారేజీ ఖాళీ అయ్యాక ఫోటో అడిగేది అందుకే. రొయ్యపిల్లని చూసుకున్నంత జాగ్రత్తగా కన్నపిల్లని చూసుకోవద్దా? అందులో నీకు తప్పేం కనబడిందో నాకర్థం కాలేదు. మా అమ్మ పేరు పెట్టుకున్న పిల్ల అది.

సరే, ఉత్తరమే కావాలన్నావు కాబట్టి చదువుకో. మంగళవారం మణికి లెక్కల పరీక్ష. సోమవారం రాత్రి, మంగళవారం పొద్దున్న బెండకాయ కూరే పెట్టు, లెక్కలొస్తాయి. బడి గేటు దగ్గర పానీపూరీ తిననివ్వకు. ట్యూషన్ మాస్టారు మగవాడా ఆడమనిషా, ఏ ఊరు, రాయి. జుట్టు కత్తిరించొద్దు. సైకిల్ మాట అసలు ఎత్తొద్దు, ఆ లారీల మధ్య సైకిలేంటి. పడుకునేటప్పుడు కిటికీ వేసి ఉంచు. వేశానని నువ్వు ఊరికే చెబితే కుదరదు, కానీ ఫోటో పెట్టకూడదన్నావు కాబట్టి ఒట్టు పెట్టి రాయి.

మా అక్కకి చెప్పడం నాకేం నచ్చలేదు.

ఉదయ్


రాజమండ్రి,
జూన్ 28

ఉదయ్‌కుమార్ గారికి,

నమస్కారం. మంగళవారం బెండకాయ పెట్టమని మీరు రాసిన ఉత్తరం గురువారం అందింది. మణి దొండకాయ వేపుడు తిని వెళ్ళింది. పాతికకి ఇరవై మూడు.

ట్యూషన్ చెప్పేది మా వీధిలోనే ఉండే టీచరు గారు, ఆవిడ పిల్లలతో పాటే మణి కూర్చుంటుంది. మిగతావన్నీ నా ఇంటి సంగతులు.

మా కౌంటర్‌లో ఒక పద్ధతి ఉంది. అవతలివాళ్ళు బస్సు ఆలస్యమైందని అరుస్తారు, సీటు చిరిగిందని అరుస్తారు, డ్రైవర్ నిన్న ఎవరితోనో ఏదో అన్నాడని మామీద అరుస్తారు. మేం అంతా విని, ఏ ఊరికండి, ఎన్ని సీట్లండి అని అడుగుతాం. అరవడం వాళ్ళ పని, టికెట్ ఇవ్వడం మా పని. మీ ఉత్తరాల్లోనూ మణికి సంబంధించిన ప్రశ్న ఎక్కడుందో వెతికి దానికే జవాబు రాస్తాను. కోపంతో కాదు, నాకు సుఖంగా ఉంటుంది.

'నువ్వు' అని వచ్చిన ఉత్తరానికి జవాబు రాయడం మాత్రం ఇదే ఆఖరు.

హారతి


భీమవరం,
ఆగస్టు 2

మహారాజశ్రీ హారతి గారి దివ్యసముఖమునకు,

తమరు విడిచిపెట్టిన మాజీ భర్త ఉదయ్‌కుమార్ వేయి నమస్కారాలు చేసి వ్రాసుకున్న మనవి. తమరు ఆజ్ఞాపించినట్టే 'మీరు' అంటున్నాను. సంతోషమా అండి?

ఇంతకన్నా నావల్ల కాదు. మామూలుగా రాస్తాను.

ఈ ఆలస్యానికి కారణం ఉంది. మా పోస్టాఫీసు ఎక్కడుందో కనుక్కోవడానికే ఒక పూట పట్టింది. మొదటి ఉత్తరం మేనేజరు చేత వేయించాను గానీ ఈసారి కవరూ స్టాంపూ నేనే వెళ్ళి తెచ్చుకున్నాను. అక్కడున్న అమ్మాయి, "మామూలు కవరా అండి, రిజిస్టరా అండి, కోర్టు వ్యవహారమా అండి?" అని వరసపెట్టి అడిగింది. సంసార వ్యవహారం అన్నాను. ఆ అమ్మాయి నవ్వింది. స్టాంపు అతికించబోతే గమ్ము నా వేళ్ళకే అంటుకుంది.

ఇది నేను రాసిన మొదటి ఉత్తరం కాదు. పోయిన నెల ఒకటి రాశాను, నాలుగు వైపులా నిండింది. మణి నీళ్ళు తక్కువ తాగుతోందని మొదలుపెట్టి మన పెళ్ళినాటి మాటలన్నీ రాశాను. తీసుకెళ్ళేసరికి పోస్టాఫీసు మూసేశారు. మర్నాడు చెరువు గట్టు మీద కూర్చుని చదివితే, ఇంత విసుగు మనిషి ఎవడా అనిపించింది. చింపేశాను. ఇంకోటి రాశాను, వాన పడింది, అదీ పోయింది. ఇది మూడోది. ఇందులో అడగాల్సింది ఒక్కటే మిగిలింది. మణి నీళ్ళు సరిగ్గా తాగుతోందా అండి?

పోయినసారి వచ్చినప్పుడు ఏరియేటర్ ఎగజిమ్మిన నీళ్ళలో తడిసి పడీపడీ నవ్వింది. నేను తిట్టాను. తర్వాత ఆ నవ్వు చాలాసేపు చెవుల్లో ఉంది.

ఉదయ్‌కుమార్


రాజమండ్రి,
ఆగస్టు 19

ఉదయ్‌కుమార్ గారికి,

నమస్కారం. మీ 'దివ్యసముఖం' చదివి నేనూ మణీ చాలాసేపు నవ్వుకున్నాం. మణికి ఆ ఒక్క వాక్యమే చదివి వినిపించాను.

నీళ్ళు తాగుతోంది. బడికి సీసా తీసుకెళ్ళి ఖాళీ చేసి తెస్తోంది. స్నేహితురాళ్ళ మీద పోస్తోందేమో మాత్రం తెలియదు.

మీరు ఉత్తరాలు చింపేశారని చదివి నాకు హాయిగా అనిపించింది. ఆ చింపినవన్నీ ఇదివరకైతే నా ఫోన్‌కి వచ్చేవి. ఈ రెండు నెలల్లో నేను కొత్తగా చేసినవి ఏమిటని అడిగితే గొప్పగా చెప్పడానికి ఏమీ లేవు. డ్యూటీ దిగి గోదావరి గట్టు మీద నడిచి ఇంటికొస్తున్నాను. వంకాయ కూరలో కొత్తిమీర కారం ఎంత కావాలంటే అంత వేసుకుంటున్నాను. ఫోన్ మోగితే గుండె ఉలిక్కిపడటం లేదు. సుఖమంటే ఇదే కాబోలు అనుకుంటున్నాను. ఇది మణి సంగతి కాదు, అయినా రాయాలనిపించింది.

మణి సంగతి ఒకటి. మణికి సైకిల్ వచ్చేసింది. మీరు వద్దన్నారని నాకు గుర్తుంది. నేర్చుకునేటప్పుడు రాస్తే మీరు అన్నం మానేసి కూర్చుంటారని, వచ్చాకే రాస్తున్నాను. మోకాలు దోక్కుపోయింది. ఆసుపత్రి దాకా వెళ్ళలేదు కాబట్టి ఫోన్ చేయలేదు. లారీలు తిరిగే రోడ్డు మీదకి వెళ్ళదు, మా వీధిలోనే. ఈసారి మీ దగ్గరికొచ్చినప్పుడు చెరువు గట్టు మీద తొక్కి చూపిస్తానంటోంది. తిట్టకుండా చూడండి.

హారతి


భీమవరం,
అక్టోబర్ 9

హారతి గారికి,

జ్వరం కాదు, దెబ్బ కాదు, ఆసుపత్రి కాదు. అయినా సోమవారం ఫోన్ చేశాను. ఆ మూడింటిలోకి రాదని ఆలోచిస్తూ కాసేపు ఆగాను కూడా. ఫోన్‌లో నేనేం చెప్పానో నాకే గుర్తులేదు. మీరు "మణికివ్వండి" అన్నారు, ఇచ్చాను. మీరు వచ్చినప్పుడూ మణి దగ్గరే ఉన్నారు, చెప్పడం కుదరలేదు. అందుకే అన్నీ ఇప్పుడు రాస్తున్నాను.

దసరా సెలవులకి వచ్చిన పిల్ల పొద్దున్నే బాత్‌రూమ్‌లోకి వెళ్ళి రాలేదు. పిలిస్తే పలకలేదు. తర్వాత "నాన్నా, అత్తయ్యని పిలు" అంది. అక్క జంగారెడ్డిగూడెంలో కదా, ఎంత తొందరగా బయల్దేరినా మధ్యాహ్నమవుతుంది. ఇంట్లో నేనొక్కణ్ణే. మెడికల్ షాపుకెళ్ళి, ఏవి అడగాలో తెలియక, ఉన్నవాటిలో ఒక్కో రకం ఇమ్మన్నాను. షాపతను పేపర్లో చుట్టి పెద్ద సంచి ఇచ్చాడు. తలుపు సందులోంచి అందించాను. "ఇన్నెందుకు నాన్నా" అంది లోపల్నుంచి. ఆ గొంతు విన్నాక నాకు ప్రాణం లేచొచ్చింది.

ఎదురింటి రత్తమ్మ గారు వచ్చి చాప వేశారు. "తండ్రి చూడకూడదు బాబూ, మీ అక్కగారు వచ్చేదాకా మీరు చెరువు మీదకి పొండి" అన్నారు. గేటు దాకా వెళ్ళాను. లోపల పిల్ల ఏడుస్తోంది. నేనెక్కడికి పోతానండి? వెనక్కొచ్చేశాను. పాలన్నంలో పంచదార కలిపి తీసుకెళ్ళి చాప పక్కన కూర్చున్నాను. రత్తమ్మ గారికి కోపమొచ్చి వెళ్ళిపోయారు. మణి మొదట మొహం తిప్పుకుంది, తర్వాత తింది. సైకిల్ కబుర్లు చెప్పింది. నాకు అవే చాలనిపించింది.

అక్క వచ్చాక నన్ను బయటికి తరిమి, నువ్వులు దంచి చిమ్మిలి చేసిపెడుతోంది. మణి నవ్వుతోంది. మీరు వచ్చి చూసుకెళ్ళిన దగ్గర్నుంచి ఇంకా బాగుంది.

నాకు ఇంకేం రాయాలో తెలియడం లేదు.

ఉదయ్‌కుమార్


రాజమండ్రి,
అక్టోబర్ 16

ఉదయ్ గారికి,

నమస్కారం. మీ ఉత్తరం నేను కౌంటర్‌లో చదవలేదు, ఇంటికొచ్చి తలుపేసుకుని చదివాను. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చదివాను.

నా చిన్నతనంలో నేను చాప మీద కూర్చున్నప్పుడు మా నాన్న పక్కింటి అరుగు మీద పడుకున్నారు. తొమ్మిది రోజులు నా మొహం చూడలేదు. నేనేదో తప్పు చేశాననీ, నాన్నకి నామీద కోపమొచ్చిందనీ అనుకున్నాను. మణి అలా అనుకోదు. వాళ్ళ నాన్న పాలన్నం కలిపి తెచ్చాడని బడిలో స్నేహితురాళ్ళకి కూడా చెప్పుకుంది. మన పదమూడేళ్ళలో మీరు చేసిన పనుల్లో ఇంత మంచిది నాకింకోటి గుర్తు రావడం లేదు. మీకు నా ధన్యవాదాలు.

రత్తమ్మ గారికి ఒక చీర పెట్టి సమాధానపరచండి, పాపం ఆవిడ మంచికే చెప్పారు.

మణి వచ్చేటప్పుడు ఆ సంచి మొత్తం తెచ్చుకుంది. మా వీధిలో ఆడపిల్లలందరికీ సరిపోతుంది.

ఓణీ వేయించడం అవీ ఉంటాయి కదా. పిఠాపురంలో మా తమ్ముడు సుకుమార్ మేనమామ లాంఛనంగా బట్టలు తెస్తానంటున్నాడు. ఎక్కడ, ఎప్పుడు, ఎలా అన్నది నిదానంగా మణిని అడిగి చేద్దాం. ఈ మధ్య కాస్త సిగ్గు, కాస్త కోపం ఎక్కువగా ఉన్నాయి. అది సర్దుకోనివ్వాలి.

హారతి


భీమవరం,
అక్టోబర్ 30

హారతి గారికి,

శుభవార్త. మన మణి ఓణీల ఫంక్షన్‌కి ముహూర్తం పెట్టించాను. నవంబర్ 17, ఆదివారం, కార్తీకమాసం, దివ్యమైన రోజు. ఫంక్షన్ హాలు మాట్లాడేశాను. భోజనాలు తాడేపల్లిగూడెం వాళ్ళు. మణి పల్లకీలో వస్తుంది, పైనుంచి డ్రోన్ పూలు చల్లుతుంది. ఫోటోషూట్ మన చెరువు గట్టు మీద, నాటు పడవలో. మా పెదనాన్న భీమరాజు గారి మనవరాలికి చేసినదానికన్నా ఒక మెట్టు పైన ఉండాలి.

మీరు చేయాల్సినవి రాస్తున్నాను. సుకుమార్‌ని ముందురోజే రమ్మనండి. ఓణీ రంగు గులాబీ, ఇంకో రంగు వద్దు, మా స్టేజీకి అదే కలుస్తుంది. మీరు పట్టుచీర కట్టుకోండి, ముదురు ఆకుపచ్చ. మణి గోళ్ళు కొరుకుతోంది, మాన్పించండి. పదహారో తారీకు సెలవు పెట్టండి. బంధువులు అడిగితే మనమిద్దరం బాగానే ఉన్నామని చెప్పండి.

ఫ్లెక్సీలు ఇచ్చేశాను. మన వీధి మొదట్లో, రైల్వే గేటు దగ్గర, హాలు ముందు. ముందుగానే కట్టించేస్తాను, ఊళ్ళో అందరికీ తెలియాలి కదా.

నా కూతురికి చేసుకుంటున్నాను, మీకు ఏ ఖర్చూ ఉండదు.

ఉదయ్‌కుమార్


రాజమండ్రి,
నవంబర్ 5
(స్పీడ్ పోస్టు)

ఉదయ్‌కుమార్ గారికి,

ఇవాళ కౌంటర్ దగ్గరికి భీమవరం ఆవిడ ఒకరు వచ్చారు. టికెట్ తీసుకుని, నన్నే చూస్తూ నిలబడి, "మేడం, మీరు ఫ్లెక్సీలో ఉన్నావిడే కదండి? పాప బాగుంది, మీ జంట కూడా బాగుంది" అని ఫోన్ తీసి చూపించారు.

చూశాను. మణి మధ్యలో, ఆకాశమంత ఎత్తు. ఒక పక్క మీరు చేతులు జోడించి, ఇంకో పక్క నేను. అది మణి మూడో పుట్టినరోజు ఫోటో కదా. "మా బంగారుతల్లి ఓణీల వేడుకకు విచ్చేయు బంధుమిత్రులకు సుస్వాగతం" అంటూ కింద మన ఇద్దరి పేర్లూ కలిపి వేయించారు. నన్ను అడగకుండా నన్ను తీసుకెళ్ళి రైల్వే గేటుకి కట్టారు. నాకెంత కోపమొచ్చిందంటే, ఫోన్ తీసి మీ నంబరు నొక్కబోయాను. నొక్కితే మీరు నిర్ణయాలు తీసుకుంటూ ఉండటం, నేను ఆపమని బతిమాలుతూ ఉండటం మళ్ళీ మొదలవుతుంది. అందుకే డ్యూటీ దిగి పోస్టాఫీసులో బల్ల మీద ఇది రాస్తున్నాను.

నా సంగతి పక్కన పెట్టండి. మీరు ఆ ఫ్లెక్సీ ఫోటో నిన్న మణికి పంపారు. అది చూసి, నాకు చూపించకుండా ఫోన్ మంచం మీద పడేసి, గోడవైపు తిరిగి పడుకుంది. రాత్రి అన్నం తినలేదు. నేను అడిగితే అన్న మాటలు ఉన్నవున్నట్టు రాస్తున్నాను. "నాకు పీరియడ్స్ వచ్చాయని రైల్వే గేటు దగ్గర రాయించారు. నేనిక భీమవరం వెళ్ళనమ్మా. ఎప్పుడూ వెళ్ళను." సాయంత్రం మీ ఫోన్ మోగుతుంటే చూస్తూ కూర్చుంది, తీయలేదు. ఈ శనివారం నిడదవోలు రాదు. బలవంతంగా రైలెక్కించడం నావల్ల కాదు.

ఒకటి చెప్పాలి. ఆ మాట వినగానే నాకు ఒక్క క్షణం తేలికగా అనిపించింది. ఇక ప్లాట్‌ఫారం మీద నిలబడక్కర్లేదు, ఉత్తరాలక్కర్లేదు, పిల్లే వద్దంది కాబట్టి ఎవరూ నన్ననలేరు. నేను ఊరుకుంటే చాలు, అన్నీ వాటంతటవే తెగిపోతాయి. కానీ చాప పక్కన కూర్చుని అన్నం తినిపించిన నాన్నని మణి పోగొట్టుకోవడం నాకిష్టం లేదు. ఆ నాన్న మీలో ఉన్నాడు, నెల కూడా కాలేదు నేను చూసి.

ఏం చేయాలో నేను చెప్పను. మీరు నాకు ఏం రాసినా ఇప్పుడు ఉపయోగం లేదు. రాయదలిస్తే మణికి రాయండి.

నా ఫోటో మాత్రం తీయించండి. ఇది అడగడం కాదు, చెప్పడం.

హారతి


భీమవరం,
నవంబర్ 8

హారతి గారికి,

మీ ఉత్తరం నిన్న పొద్దున్న అందింది. చదివి, నేరుగా రైల్వే గేటు దగ్గరికి వెళ్ళాను. చెరువు మీద పనిచేసే బుజ్జిబాబు నిచ్చెన పట్టుకున్నాడు, నేను ఎక్కాను. తాళ్ళు తను కోస్తానన్నాడు గానీ నేనే కోశాను. కిందకి దిగేసరికి నలుగురు చేరి, "ఏంటండి, వాయిదా పడిందా?" అని అడిగారు. మా పాపకి ఇష్టం లేదండి అన్నాను. ఆ మాట పైకి అనడానికి నాకు చాలా కష్టమైంది. సాయంత్రానికి మూడూ దించేశాను. హాలు వద్దన్నాను. పల్లకీ వాళ్ళకి ఫోన్ చేసి చెప్పాను.

పెదనాన్న ఇంటికొచ్చి, "పిల్లని అడిగి ఫంక్షన్ చేసేవాణ్ణి నిన్నే చూశానురా" అన్నాడు. మొన్నటిదాకా నేనూ అదే మాట అనేవాణ్ణి.

ఫ్లెక్సీలు గట్టు మీద మేత బస్తాల పైన కప్పించాను, బొమ్మ లోపలికి తిప్పి. మీ ఫోటో ఉన్న ముక్క కత్తిరించి తగలబెట్టేశాను. అడగకుండా వేయడం తప్పు. మనం ముగ్గురం ఒకచోట కనబడితే బాగుండునని నాకు అనిపించింది. ఫ్లెక్సీలో తప్ప ఇంకెక్కడా కుదరదు కదా. అందుకని వేయించాను, ఇంకే ఎత్తుగడా లేదు.

మణి ఫోన్ తీయడం లేదు. మొదటిరోజు కోపమొచ్చింది, రెండో రోజు భయమేసింది. చెరువులో ఏ తేడా వచ్చినా నాకు ముందే తెలుస్తుందని గర్వం. ఇది మాత్రం మీరు రాస్తేనే తెలిసింది.

రేపు నేను నిడదవోలు రావడం లేదు. మిమ్మల్ని తీసుకురమ్మని అడగడమూ లేదు. ఇందులో మణికి రాసిన కాగితం ఉంది. దాని కవరు అంటించలేదు. నాకు పిల్లలకి రాయడం తెలియదు. మీరు ఒకసారి చదివి, మాట ఏదైనా ఎక్కువైతే కొట్టేసి ఇవ్వండి.

ఉదయ్‌కుమార్


రాజమండ్రి,
నవంబర్ 18

ఉదయ్ గారికి,

నమస్కారం. మీ కవరు నేను చదవలేదు. గమ్ము రాసి, అంటించి, మణి చేతికిచ్చాను. అందులో మాటలు ఎక్కువైనా తక్కువైనా మీ ఇద్దరూ చూసుకోవాల్సిందే.

మణి దాన్ని తీసుకుని డాబా మీదకి వెళ్ళింది. చాలాసేపటికి కిందకొచ్చి, వంటింట్లో నా పక్కన నిలబడి చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, "నాన్న నిచ్చెన ఎక్కారా? నాన్నకి ఎత్తంటే కళ్ళు తిరుగుతాయి కదా?" అంది. ఎక్కారని రాశారమ్మా అన్నాను. మీకు కళ్ళు తిరుగుతాయని పదమూడేళ్ళలో నాకెప్పుడూ తెలియదు.

ఓణీ సంగతి తనే తేల్చింది. డిసెంబర్‌లో ఒక ఆదివారం మా ఇంట్లో భోజనం. సుకుమార్ మావయ్య ఓణీ తెస్తాడు, రంగు మావయ్య ఇష్టమట. అత్తయ్య చిమ్మిలి చేసి తేవాలట. స్నేహితురాళ్ళు నలుగురు. కెమెరా వాళ్ళెవరూ రాకూడదు, ఫోటోలు తనే తీసుకుంటుంది. మీ అక్కయ్య గారికి నేను ఫోన్ చేసి చెప్పాను. "నా తమ్ముడు మారాడని ఇప్పుడే అనుకోకు, కానీ నిచ్చెన ఎక్కాడు, అది మాత్రం ఎక్కాడు" అన్నారు. మీరు రావాలో అక్కర్లేదో నేను రాయను. మిమ్మల్ని పిలవాల్సిన మనిషి వేరే ఉంది.

నిన్న మధ్యాహ్నం మణి నన్ను కాగితం అడిగింది. భోజనాల బల్ల మీద కూర్చుని, చెయ్యి అడ్డం పెట్టుకుని రాసింది. నేను మంచినీళ్ళకని అటు వెళితే కాగితం బోర్లించింది. ఇవాళ బడి నుంచి వస్తూ తనే పోస్టు డబ్బాలో వేసి వచ్చింది. ఏం రాశావని అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. వాడు అడిగేవాడు, నేనూ అడిగితే ఇంక తేడా ఏముంది అనుకుని ఆపుకున్నాను. వాడు అన్నందుకు ఏమీ అనుకోకండి, మనసులో అనుకున్నదే రాశాను. ఆ ఉత్తరం అందాక మీరూ నాకేమీ చెప్పకండి.

ఈ శనివారం నాలుగో శనివారం. వెళదామా అని నేను అడగలేదు, వెళతానని తనూ చెప్పలేదు. ఇంకా సోమవారమే. బ్యాగు మాత్రం అప్పుడే సర్దుకుని గుమ్మం పక్కన పెట్టుకుంది.

హారతి